బేజారు ఏ గడిలో రాయాలి?

మనిషిని ‘ఎట్లున్నావు?’ అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనని నర్సుగా చేరేదాకా నాకు తెలియదు. ఇంట్లో ఆ మాట ఊరికే అడుగుతాం, ఎదుటివాళ్లు ఊరికే ఏదో అంటారు, అంతలో కాఫీ వస్తుంది. ఆసుపత్రిలో అలా కాదు. జవాబును అంకె చెయ్యాలి. ఆ అంకెను చూసి ఒకరిని నడవమంటారు, ఇంకొకరిని కదలకుండా పడుకోమంటారు, ఒకరిని ఇంటికి పంపిస్తారు. నోటితో చేసే పనే గానీ, కత్తి పట్టుకుని చేసే పనికి ఏమాత్రం తక్కువ కాదు.

నేను పుంగనూరులో పుట్టాను. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో మదనపల్లె అవతల గుట్టల మధ్య ఉన్న ఒక క్షయ ఆసుపత్రిలో చేరాను. నా పదోన్నతుల గురించి, పదవీ విరమణ నాడు వేసిన దండల గురించి రాయను. అవి చదివితే మీకు ఆవలింతలొస్తాయి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల చేతుల్లో అచ్చేసిన ప్రశ్నల కాగితాలు చూస్తున్నాను. అలసట ఎంత, నిద్ర ఎంత, మనసెలా ఉంది, బతుకెలా గడుస్తోంది అని అడుగుతున్నారు. సంతోషమే. కానీ తల వంచుకుని చదువుతున్నారు, తల ఎత్తకుండా గీత గీస్తున్నారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే రాస్తున్నాను.

చిత్తూరు కాదమ్మా

అప్పటికి క్షయకు మా దగ్గర మందు లేదు. విశ్రాంతి, పాలు, గుడ్లు, గుట్ట గాలి, ఇవే వైద్యం. మా పెద్ద డాక్టరుగారు రాజమండ్రి వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు, అంకెలంటే ప్రాణం. జ్వరం, తూకం, ఎక్స్‌రే సగం సంగతే చెప్తాయి, మిగతా సగం రోగినే అడగాలి అనేవారు. ఆ రోజుల్లో ఆ మాట అన్న ఇంకో డాక్టరును నేను చూడలేదు. వారానికొకసారి ప్రతి రోగినీ అడగడానికి ఆయనే ఇంగ్లీషులో ప్రశ్నలు రాసుకున్నారు. అలసట, నిద్ర, మనసు, రోజు గడిచే తీరు. ఒక్కో జవాబుకు ఒక్కో గడి.

తెలుగు చెయ్యడానికి ఒక పండితుడికి ఇచ్చారు. ఆయన ‘శ్రమానంతరము మీకు బడలిక కలుగుచున్నదా?’ అని రాశాడు. ‘మీ చిత్తము ఎట్లున్నది?’ అని రాశాడు. జవాబులు అల్పము, మధ్యమము, అధికము. అక్షరం పొల్లుపోకుండా చదవమని మాకు ఆజ్ఞ.

చదివాను. పుంగనూరు నుంచి వచ్చిన ఒక శెట్టిగారిని “మీ చిత్తము ఎట్లున్నది?” అని అడిగితే ఆయన నన్ను జాలిగా చూసి, “చిత్తూరు కాదమ్మా, మాది పుంగనూరు గదా. నువ్వూ మా ఊరి బిడ్డవే, మర్సిపోయినావా?” అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. గడిలో ఏం రాయాలో మాత్రం తోచలేదు.

ఆ శెట్టిగారే నాకు ఇంకో పాఠం కూడా చెప్పాడు. ఏ ప్రశ్న అడిగినా “దేవుడి దయ వల్ల బాగుండాను తల్లీ” అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు రెండుసార్లు దగ్గేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, “యాల అబద్ధం చెప్తారు శెట్టిగారూ?” అన్నాను.

“అంగట్లో కూసున్నోడికి ఎవురైనా బాగుండావా అంటే బాగుండానని సెప్పేది మర్యాద. నాకు నిద్రలేదు, ఆకలిలేదు అని పొద్దన్నే మొగం మీద సెప్తే అడిగినోళ్ల మనసు సిన్నబోదా?” అన్నాడాయన.

అది అబద్ధం కాదు, మర్యాద. మర్యాదను గడిలో రాసుకుని అది ఆరోగ్యం అనుకుంటే తప్పు మనది. ఆ తరవాత ఆయన్ని బాగున్నారా అని అడగడం మానేసి, “నిన్న వరండా చివరి దాకా నడిచినారు, ఈరోజు యాడికి పోయి నిలబడిపోయినారు?” అని అడిగేదాన్ని. అప్పుడు నిజం చెప్పేవాడు. నిలబడిపోయిన స్తంభం చూపించేవాడు కూడా.

పందులు లేవు గదా

నిద్ర గురించి అడగడం తేలిక అనుకుంటారు. అంతకంటే మాయదారి ప్రశ్న లేదు.

రామకుప్పం దగ్గర పల్లె నుంచి వెంకటప్ప అనే రైతు వచ్చాడు. నిద్ర ప్రశ్నకు ప్రతి వారమూ “సుఖంగా ఉండాదమ్మా” అనేవాడు. పక్క మంచం వాళ్లేమో ఈయన దగ్గుకుంటూ కూర్చునే ఉంటాడని, వాళ్లనీ పడుకోనివ్వడని మొత్తుకునేవాళ్లు. గట్టిగా నిలదీశాను.

“మా ఊర్లో రాగి కంకికొచ్చినాక ఎవురు పండుకుంటారమ్మా? అడివిలోనుంచి పందులు దిగుతాయి. మంచె మీద తప్పెట కొట్టుకుంటా కూసుంటాము. ఈడ దగ్గుకుంటా కూసుంటాండా. పందులు లేవు గదా, అంతకన్నా సుఖం ఏముండాది?” అన్నాడు.

ఆయన దేనితో పోల్చుకుంటున్నాడో తెలియకపోతే ఆయన ‘సుఖం’ నాకు అర్థం కాదు. మీరూ ఇది గుర్తు పెట్టుకోండి. ఒకరి బతుకు ఎలా గడుస్తోందని అడిగే ముందు, అంతకుముందు వాళ్లు ఎలా బతికారో అడగండి. మీ కాగితంలో దానికి చోటు లేకపోతే అంచున రాయండి. అంచు ఉన్నది అందుకే.

మూట కట్టిన గౌరమ్మ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైవన్నీ నవ్వుకునే కథలు. ఇది కాదు.

గౌరమ్మది కుప్పానికి అవతల, మైసూరు సరిహద్దులో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, చుట్టాల దగ్గర అరవం. పాలు తాగే ఆడపిల్లను అత్త చేతిలో పెట్టి వచ్చింది. మా దగ్గర చేరిన కొన్ని నెలలకు జ్వరం దిగింది, ఒళ్లు చేసింది. ఎక్స్‌రేలోనూ మెరుగు కనిపించింది. ఇంకొన్నాళ్లు కుదురుగా ఉంటే గట్టెక్కేది.

కానీ ప్రశ్నల కాగితంలో ఆమె జవాబు వారవారానికీ దిగజారింది. అడిగేది మా హెడ్డు నర్సు ఎస్తేరక్క. మదనపల్లెలో పుట్టి మదనపల్లెలోనే పెరిగిన మనిషి, పనిలో రాక్షసి, మనసు వెన్న. ఎలా ఉందని అడిగితే గౌరమ్మ ఒకటే మాట: “బేజారుగా ఉండాదమ్మా.” మదనపల్లెలో బేజారంటే ఒళ్లు డస్సిపోవడం. ఎస్తేరక్క అలసట గడిలో ‘అధికము’ అని రాసేది. అధికమైన అలసట ఉందంటే లోపల జబ్బు ఇంకా రగులుతోందని డాక్టరుగారి లెక్క. అందుకని విశ్రాంతి పెంచారు. వరండాలో నలుగురితో కూర్చోవడం మాన్పించి గదిలోకి మార్చారు. కుట్టుపని తీసేశారు. మాట్లాడవద్దన్నారు. చూడవచ్చిన మొగుణ్ణి గేటు దగ్గరనుంచే పంపేశారు.

మరుసటి వారం ఇంకా బేజారు. ఇంకా విశ్రాంతి. ఆమె అన్నం ముట్టడం మానేసింది. తూకం తగ్గింది. తూకం తగ్గింది కాబట్టి అలసట నిజమేనని అందరికీ నమ్మకం గట్టిపడింది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గదిలోకి పోతే గౌరమ్మ చీరలు మూట కడుతోంది.

“యాడికి?” అన్నాను.

“ఊరికి. ఈ పొద్దు బస్సుకు పోతాండా.”

వైద్యం మధ్యలో వదిలేసి పోయినవాళ్లు ఏమయ్యేవాళ్లో మాకు తెలుసు. కొందరు అంతకంటే అధ్వానంగా తిరిగొచ్చేవాళ్లు. కొందరిని గురించి కబురే వచ్చేది. పైగా ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఈమె పోతే జబ్బూ వెంటే పోతుంది.

“ఇంత అలుపు పెట్టుకోని కుప్పం దాకా ఎట్లా పోతావు?” అన్నాను.

ఆమె మూట నేలకేసి కొట్టింది. “అలుపంట, అలుపు! మూడు పూట్లా మంచం మీద పండబెట్టి అలుపంటారు. కలుపు తీసినానా, నీళ్లు మోసినానా, నాకు అలుపు యాడిది? నాకుండేది బేజారు!”

“బేజారంటే అలుపే గదా?”

“అది మీ మదనపల్లెలోనేమో. మా దిక్కు బేజారంటే లోపల ఏడుపు. నా బిడ్డ ఎట్లుండాదో సూడక బేజారు. నేను సెప్పినకొద్దీ మీరు నన్ను ఇంగా లోపలికి తోస్తిరి. ఇంగ సెప్పను. పోతాను.”

ఇన్ని వారాలుగా ఆమె ప్రతిసారీ నిజమే చెప్పింది. మా కాగితం ప్రతిసారీ ఆ నిజానికే ఆమెను శిక్షించింది.

“ఆదివారం దాకా ఆగు. డాక్టరుగారితో మాట్లాడతాను. ఆయన వినకపోతే నేనే నిన్ను బస్సెక్కిస్తాను” అన్నాను.

“ఒట్టేయ్.”

“మేము కిరస్తానీలము, ఒట్లు వెయ్యము గౌరమ్మా. మాటిస్తాను.”

ఆమె మూట మంచం కిందికి నెట్టింది. విప్పలేదు. ఆదివారం దాకానే గడువని నాకు అర్థమైంది.

ఒక గదిలో మూడు బేజార్లు

ముందు ఎస్తేరక్కకు చెప్పాను. “ప్రశ్న సదువు, జవాబు రాయి. మధ్యలో నీ పెత్తనం యాల?” అని కసిరింది. కానీ ఆ మాట అంటూనే నా వెంట డాక్టరుగారి గదికి నడిచింది. అదీ ఎస్తేరక్క.

డాక్టరుగారు అంతా విన్నారు. “బేజారంటే విసుగు కదండీ సిస్టర్? మా వైపు బేజారెత్తిపోయిందంటే విసుగొచ్చి చిరాకు పడటం” అన్నారు.

“కాదు సార్, ఒళ్లలుపు” అంది ఎస్తేరక్క.

“గౌరమ్మకు దుఃఖం సార్” అన్నాను నేను.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముగ్గురికీ వచ్చిన మాటే. పుట్టినప్పటినుంచీ వాడుతున్న మాటే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తెలియని మాటైతే అడిగి తెలుసుకునేవాళ్లం. తెలిసిన మాటే మమ్మల్ని ముంచింది.

అయినా డాక్టరుగారు వెంటనే ఒప్పుకోలేదు. ప్రశ్నలు మధ్యలో మారిస్తే పాత అంకెలతో కొత్త అంకెలను పోల్చలేమని, ఇంత కాలం పడిన శ్రమ వృథా అవుతుందని అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. మీకూ రేపు పైవాళ్లు ఇదే చెప్తారు. సగం నిజం కూడా. కానీ ఆ పూట నాకు ఓపిక లేదు.

“తప్పు కొలపాత్రతో ఇన్నాళ్లూ కొలిచామని ఇకముందూ దాంతోనే కొలుద్దామంటారా సార్? ఆమెకు అలుపు లేదు. నమ్మకపోతే నడిపించి చూడండి. నడిచినాక జ్వరం వస్తే నేను నోరు మూసుకుంటాను. రాకపోతే ఆమెను వరండాలోకి పంపండి, బిడ్డను చూపించండి.”

పెద్ద డాక్టరుతో ఆ గొంతుతో మాట్లాడిన నర్సులు లేరు. ఎస్తేరక్క నా కొంగు పట్టి లాగింది. నేను కదల్లేదు. ఉద్యోగం పోతే పోయింది, పుంగనూరులో మా నాయన ఇంత రాగిసంగటి పెట్టకపోడు అనుకున్నాను.

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “సరే, నడిపించండి” అన్నారు.

మర్నాడు పొద్దున ఆయన ఎదుటే గౌరమ్మ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి వచ్చింది. నాడి చూశారు. సాయంత్రం జ్వరం చూశారు. ఏమీ లేదు. ఆదివారం రాకముందే ఆమె మంచం నలుగురి మధ్యకి వచ్చింది. మూట ఆమే విప్పింది.

ఎన్నణాలు?

తరవాత డాక్టరుగారు పండితుడి కాగితం పక్కన పెట్టి మమ్మల్ని రోగుల దగ్గరికి పంపారు. ఒళ్లు అలిస్తే మీ ఊళ్లో ఏమంటారు, మనసు బాగలేకపోతే ఏమంటారు అని మదనపల్లె వాళ్లను, పుంగనూరు వాళ్లను, కుప్పం వాళ్లను వేరువేరుగా అడిగాం. ఒక్కో ఊరికి ఒక్కో మాట తేలింది. కాగితం అసహ్యంగా తయారైంది, ప్రశ్న కింద మూడేసి మాటలు. కానీ జవాబులు సూటిగా రావడం మొదలైంది.

అల్పము, మధ్యమము కూడా ఎగిరిపోయాయి. దానికి దారి చూపింది వెంకటప్పే. దగ్గు ఎంత తగ్గిందంటే, “రూపాయికి పన్నెండణాలు తగ్గిందమ్మా” అన్నాడు. మా వాళ్లు దేన్నైనా అణాల్లోనే చెప్తారు. జబ్బు నాలుగణాలు, వాన ఎనిమిదణాలు, మంచితనం పదహారణాలు. అప్పుడు రూపాయికి పదహారణాలు; పదహారు మెట్ల కొలత వాళ్ల నోట్లోనే ఉంటే మేము సంస్కృతంలో వెతుక్కున్నాం. ఆ రోజునుంచి “అలుపు ఎన్నణాలు?” అని, కుప్పం వాళ్లనైతే “బేజారు ఎన్నణాలు?” అని అడిగాం. డాక్టరుగారు కూడా రాజమండ్రి యాసలో “ఎన్నణాలండీ?” అనడం నేర్చుకున్నారు.

కంచెకు ఆ పక్క

గౌరమ్మకు బిడ్డను చూపించే మాట మిగిలింది. పసిబిడ్డలను ఆసుపత్రి లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కంచెకు ఆ పక్క దూరంగా నిలబెట్టి చూపించడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. కబురు పంపాం.

గౌరమ్మ మొగుడు మునియప్ప, తన తల్లినీ బిడ్డనూ తీసుకుని బొగ్గు బస్సులో వచ్చాడు. పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గుతో నడిపే రోజులవి. దుమ్మూ మసీ కొట్టుకుని వచ్చారు ముగ్గురూ. బిడ్డ అప్పటికే నడుస్తోంది. గౌరమ్మ కంచెకు ఈ పక్క నిలబడి రెండు చేతులూ ఊపింది. “పాపా, ఈడ సూడు! ఈడ సూడమ్మా!” అని పిలిచింది.

బిడ్డ చూసింది. కొత్త మనిషి కేకలేస్తోందని భయపడింది. గిరుక్కున తిరిగి అవ్వ కాళ్లు చుట్టేసుకుని, “అమ్మా!” అని ఏడ్చింది.

అవ్వ గబగబా, “నేను కాదే, అద్దో అమ్మ, ఆడుండాది సూడు” అంటూనే ఉంది. బిడ్డ తల ఎత్తలేదు.

గౌరమ్మ చేతులు కిందికి దించింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఈ ఆలోచన నాదే కదా, పోరాడి మరీ సాధించాను కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ వారం ప్రశ్నలు నేనే అడిగాను. అలుపు లేదంది. నిద్ర సగం సగం అంది. బేజారు ఎన్నణాలంటే, “పదహారణాలు” అంది.

కాగితం పక్కన పెట్టి, అందులో లేని ప్రశ్న అడిగాను. “అయితే ఏం చేస్తావు? పోతావా?”

“పోను. పోయి ఏం సేసేది? దగ్గుకుంటా పోతే దాన్ని ఎత్తుకునేదానికి కూడా లేదు. బాగయ్యే పోతా. అది నన్ను అమ్మా అనాల. ఆ పాలు ఈడ పెట్టు.”

గ్లాసు ఎత్తి గటగటా తాగింది.

డాక్టరుగారు అంకె చూసి, “ఇదేమిటండీ, బిడ్డను చూపించాక ఇంకా పెరిగిందే?” అన్నారు. పెరిగింది సార్, కానీ మనిషి నిలబడింది అన్నాను. బాధ పెరగడమూ, మనిషి ఓడిపోవడమూ ఒకటి కాదు. రెండూ వేరువేరుగా అడగాలి. ఆ తరవాత నేను ఉద్యోగం మానేదాకా ప్రతి కాగితం చివరా ‘అయితే ఏం చేస్తావు?’ అని నోటితో అడుగుతూనే ఉన్నాను. ఎవరూ అచ్చు వెయ్యలేదు. ఎవరూ ఆపనూ లేదు.

అక్కడినుంచి గౌరమ్మ పట్టిన పట్టు వదల్లేదు. పడుకోమన్నంతసేపు పడుకుంది. తినమన్నంత తిన్నది. నడవమన్నంతే నడిచింది, ఒక్క అడుగు ఎక్కువ వెయ్యలేదు. కంచె దగ్గరికి బిడ్డను మళ్లీ తెప్పిస్తామంటే, “వద్దు. ఈసారి దాన్ని ఎత్తుకునేదానికే సూస్తా” అంది.

కళ్లెలో క్రిములు పూర్తిగా పోయాయని పదే పదే పరీక్షించి రూఢి చేసుకున్నాకే డాక్టరుగారు ఇంటికి పొమ్మన్నారు. మునియప్ప, అవ్వ, బిడ్డ మళ్లీ వచ్చారు. చివరిసారి ప్రశ్నలు అడిగాను. బేజారు దగ్గరికొచ్చేసరికి గౌరమ్మ, “ఉండాదిలే సిస్టరమ్మా. దాన్ని కూడా ఊరికి తీస్కపోతాండా. ఆడ తగ్గుతాది” అంది.

గేటు దాటి పోయి బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ కాళ్లు తన్నింది, వెనక్కి విరుచుకుపోయింది, అవ్వ వైపు రెండు చేతులూ చాచి “అమ్మా, అమ్మా” అని గుక్కపెట్టి ఏడ్చింది. అవ్వ అందుకోబోయింది. గౌరమ్మ ఇవ్వలేదు. బిడ్డను భుజానికి అదుముకుని గుట్ట దిగడం మొదలుపెట్టింది. బిడ్డ అవ్వను చూస్తూ “అమ్మా” అన్నప్పుడల్లా, గౌరమ్మ “ఓ... ఈడుండాను” అని పలుకుతూ పోయింది.